ఏళ్ల తరబడి పడి ఉన్న రోటరీ ఇంజిన్ కారుని స్టార్ట్ చేయడం ఎలా?

ముందు సెల్ఫ్ కొట్టడం ఆపండి.

గరాజ్‌లో రెండు మూడేళ్లు కదలకుండా ఉన్న మాజ్దా ఆర్ఎక్స్-8 (రోటరీ ఇంజిన్ కారే) దగ్గరికి నన్ను పిలిచిన ప్రతిసారీ అదే కథ. బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫ్ కొడతారు. జంపర్ కేబుల్స్ తగిలించి మళ్లీ కొడతారు. ఆ తర్వాత "ఇంజిన్ పోయింది" అని వాళ్లే తేల్చేస్తారు. డల్లాస్‌లో మా బావమరిది కారుకైతే ఒక వర్క్‌షాప్ వాళ్లు ఏకంగా కొత్త ఇంజిన్ వేయాలన్నారు. ఆ శనివారం మధ్యాహ్నమే, గట్టిగా రెండు మూడు చెంచాల ఆయిల్‌తో, ఆ కారు స్టార్ట్ అయింది.

ఈ ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటర్లు రెండు ఉంటాయి. ఒక్కో మూలకి ఒక అపెక్స్ సీల్, అంటే రోటర్‌కీ ఇంజిన్ లోపలి గోడకీ మధ్య సందుని మూసే సన్నటి పట్టీ. ఆ సీల్‌కీ గోడకీ మధ్య ఉండే పల్చటి ఆయిల్ పొరే సందుని పూర్తిగా మూస్తుంది. బండి పరుగు మీద ఉంటే రోటర్ తిరిగే వేగానికే సీల్ గోడకి గట్టిగా ఒత్తుకుంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ తిరిగేది నిమిషానికి సుమారు 250 సార్లే కాబట్టి దాదాపు స్ప్రింగ్ బలం ఒక్కటే దిక్కు. అంటుకోని పెట్రోల్ లోపల చేరిందంటే ఆ ఆయిల్ పొరని కడిగేస్తుంది, కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కే ఒత్తిడి) పడిపోతుంది, ప్లగ్‌లు తడిసిపోతాయి. మీరు కొట్టేకొద్దీ ఇంకాస్త పెట్రోల్ పోసి ముంచుతున్నట్టే.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు: ప్లగ్ సాకెట్, రాట్చెట్, మల్టీమీటర్, సూది లేని 10 మి.లీ. సిరంజి, దానికి బెత్తెడు సన్నటి ట్యూబు, టూ-స్ట్రోక్ ఆయిల్, కొత్త ప్లగ్‌లు నాలుగు.

బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ మార్చండి. ఛార్జింగ్ పెట్టి సరిపెట్టుకుందాం అనుకోవద్దు, రోటరీకి సెల్ఫ్ వేగమే ప్రాణం. ట్యాంకులో పాత పెట్రోల్ తీసేయండి. అమెరికా బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమని లాగేసుకుంటుంది. కొత్త పెట్రోల్ కలిపితే సర్దుకుంటుందనే వాళ్ల మాట వినకండి.

ఇక అసలు పని. తొందర పడేవాళ్లంతా పాడు చేసేది ఇక్కడే.

ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ గానీ రిలే గానీ తీసేయండి. ప్లగ్‌లకి స్పార్క్ కరెంటు ఇచ్చే నాలుగు కాయిల్స్ కనెక్టర్లూ ఊడదీయండి. రెండోది మర్చిపోయారంటే, ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ చిమ్ముతుంటే పక్కనే స్పార్క్ కొడుతుంది. ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గరాజ్ తలుపు తెరిచే ఉంచండి. గరాజ్‌లో పైలట్ మంట ఉన్న గ్యాస్ హీటర్ ఉంటే కారుని బయటికి తోసుకెళ్లి అక్కడ చేయండి. ఇది మాత్రం నా చాదస్తం కాదు.

ఎడమ వైపు ముందు చక్రం తీస్తే ప్లగ్‌లు కనిపిస్తాయి. ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్‌లు: పైన దాన్ని ట్రెయిలింగ్, కింద దాన్ని లీడింగ్ అంటారు. ఈ రెండూ ఒకటి కాదు, వేడిని తట్టుకునే రేటింగే వేరు. ఆర్ఎక్స్-8కి ఎన్‌జీకే కంపెనీ వాటిలో కింద ఆర్ఈ7సీ-ఎల్, పైన ఆర్ఈ9బీ-టీ. తారుమారు చేయకండి.

కింది రెండూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఐదేసి సెకన్లు, మధ్యలో అర నిమిషం ఆగుతూ, మూడు నాలుగు సార్లు సెల్ఫ్ కొట్టండి. లోపలి పెట్రోల్ బయటికి కక్కుతుంది. ఓ పావుగంట ఆరనివ్వండి.

తర్వాత సిరంజితో కింది రంధ్రంలోంచి 3 మి.లీ. ఆయిల్ పోయండి. అంతే. "ఇంకొంచెం పోస్తే ఇంకా మంచిదేమో" అనిపిస్తుంది, పోయకండి. మరీ ఎక్కువైతే కొత్త ప్లగ్‌లు ఈసారి ఆయిల్‌తో తడుస్తాయి, మళ్లీ మొదటికొస్తారు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు కూడా. రోటర్‌కి ముఖాలు మూడు, మీరు పోసింది ఒక్కదానికే. రోటర్లు తిప్పే ఇంజిన్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే రోటర్ మూడో వంతే తిరుగుతుంది. కాబట్టి ముందున్న పుల్లీ బోల్టుకి రాట్చెట్ వేసి, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో, సరిగ్గా ఒక చుట్టు తిప్పి మళ్లీ 3 మి.లీ., ఇంకో చుట్టు, మళ్లీ 3 మి.లీ. రెండో రోటర్‌కీ ఇదే వరస. అయ్యాక చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకండి, కాసేపాగి చూడండి. సీల్ విరిగితే ఇంజిన్ విప్పాల్సిందే.

ఆయిల్ బదులు గేర్‌బాక్స్‌లో వాడే ఏటీఎఫ్ పోసేవాళ్లున్నారు. పని చేస్తుంది, కాదనను. కానీ టూ-స్ట్రోక్ ఆయిల్ పుట్టిందే పెట్రోల్‌తో కలిసి కాలడానికి. దాన్ని వదిలి ఇంకోటి ఎందుకు పోయాలో నాకర్థం కాదు. ఇంజిన్ తొందరగా అంటుకోవడానికి కొట్టే ఈథర్ స్ప్రే మాత్రం దగ్గరికి రానివ్వకండి, మీరు ఇంత కష్టపడి పోసిన పొరని క్షణంలో కడిగేస్తుంది.

పై రెండూ కూడా విప్పి, నాలుగూ కొత్త ప్లగ్‌లు బిగించండి. హౌసింగ్ (ఇంజిన్ బయటి గోడ) అల్యూమినియం కాబట్టి మొదటి మరలన్నీ చేత్తోనే ఎక్కాలి. కాయిల్స్, ఫ్యూజ్ పెట్టేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా సెల్ఫ్ కొట్టండి. తెల్లటి పొగ వీధంతా కమ్మేస్తుంది, టెన్షన్ పడొద్దు. ఇంజిన్‌ని నిమిషానికి 2,500 చుట్ల దగ్గర పట్టి పది నిమిషాలు నడపండి. 9,000 దాకా లాగి చూడాలన్న సరదా ఇంకోరోజు.

అయినా పలకలేదా? మళ్లీ ఫ్యూజ్, కాయిల్స్ తీసి, ఒక రోటర్‌కి కింది ప్లగ్ ఒక్కటి విప్పి, సెల్ఫ్ కొట్టిస్తూ చెవి పెట్టి వినండి. "ఫుస్ ఫుస్ ఫుస్" అని, రోటర్ మూడు ముఖాలకీ ఒక్కోటి చొప్పున, మూడూ సమానంగా రావాలి. మూడింటిలో రెండు నీరసంగా ఉంటే ఒక అపెక్స్ సీల్ ఇరుక్కుంది లేదా విరిగింది, ఎందుకంటే ఒక్క సీల్ పక్కపక్క గదులు రెండింటికీ గోడ. ఇరుక్కుని ఉంటే పైన చెప్పినట్టు ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నే మళ్లీ వినండి. పిస్టన్ ఇంజిన్ల గేజ్‌తో కొలిచి చెప్పే మెకానిక్ మాట నమ్మొద్దు. అది మూడింటిలో ఎక్కువున్న దాన్నే చూపిస్తుంది.

స్టార్ట్ అయిన రోజే ఇంజిన్ ఆయిల్ మార్చేయండి, పెట్రోల్ కలిసి పల్చబడి ఉంటుంది. ఇకనుంచి కారు పక్కకి జరపడానికి స్టార్ట్ చేసి నిమిషంలో ఆపేయకండి. ఇంజిన్ వేడెక్కేదాకా ఉంచండి, లేదంటే చేత్తో తోయండి.