పిల్లల చేతికి చిన్న ఫోన్ – పాఠం 2: కౌంటర్ మీదే పరీక్ష

కిందటి పాఠంలో ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోమన్నాం: ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరెవరికి కాల్ వెళ్లాలి, బడి వాట్సాప్ గ్రూపు అందులో ఉండి తీరాలా. మూడోదానికి ‘అవును’ అని రాసి ఉంటే మరోసారి ఆలోచించండి. హోంవర్క్ మెసేజ్ అమ్మ ఫోన్‌కో నాన్న ఫోన్‌కో వచ్చినా పని జరుగుతుంది. దానికోసం ఐదో తరగతి పిల్లకి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్ చాలు.

ఫోన్ కంటే ముందు సిమ్ తేల్చుకోండి. ఎక్కువమంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. జియోకి 2జీ లేదు. చవగ్గా వస్తోందని 2జీ కీప్యాడ్ ఫోన్ కొని అందులో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. ఎయిర్‌టెల్, వీఐ సిమ్‌లకి 2జీ ఫోన్ ఇప్పటికి పనిచేస్తుంది కానీ, కొత్తగా కొనేటప్పుడు పెట్టె మీద ‘4జీ’, ‘వోల్టీ’ (VoLTE, అంటే 4జీ మీదే కాల్స్ వెళ్లే పద్ధతి) రెండూ ఉన్నాయో లేదో చూసి తీసుకోవడమే మేలు. జియోభారత్ లాంటి ఫోన్లలో జియో సిమ్ తప్ప వేరేది పనిచేయదు. రేపు నెట్‌వర్క్ మార్చాలనుకుంటే ఫోన్ కూడా మార్చాల్సిందే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల పేరు మీద సిమ్ ఇవ్వరు కాబట్టి అది పెద్దవాళ్ల పేరు మీదే ఉంటుంది. ఆ నంబర్‌ని బ్యాంకుకి, ఆధార్‌కి మాత్రం ముడిపెట్టకండి. ఓటీపీలు పిల్లల సంచిలో తిరగకూడదు.

‘కీప్యాడే కదా, యూట్యూబ్ ఎక్కడుంటుంది’ అనుకోకండి. 2024లో వచ్చిన నోకియా 3210 4జీలో యూట్యూబ్, షార్ట్స్, యూపీఐ చెల్లింపు అన్నీ ఉన్నాయి. జియోభారత్‌లో సినిమాలు, పాటల యాప్‌లు ముందే ఎక్కించి ఇస్తారు. అందుకని షాపులో డెమో ఫోన్ అడిగి మెనూ మొత్తం ఒక్కో ఐకానూ నొక్కి చూడండి. బ్రౌజర్ ఉందా, యాప్ స్టోర్ ఉందా, ఆటో కాల్ రికార్డింగ్ ఉందా, ఉంటే దాన్ని ఆపే వీలుందా? వైట్‌లిస్ట్, అంటే మనం ఎంచిన నంబర్ల నుంచే కాల్స్ వచ్చే సదుపాయం, ఉన్న మోడల్ దొరికితే కెమెరా ఎలా ఉన్నా అదే తీసుకోండి.

తర్వాత మీ సిమ్ వేసి మూడు పనులు చేయండి. ఇంటికి ఒక కాల్. ఇంట్లోవాళ్ల చేత ‘అమ్మ వచ్చింది’ అని తెలుగులో ఒక ఎస్సెమ్మెస్. అక్షరాల బదులు గళ్లు కనిపిస్తే ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేనట్టే. (తెలుగు ఎస్సెమ్మెస్ ఒకటికి 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషుకి 160. అది ఫోన్ లోపం కాదు.) మూడోది *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఉంటాయి. పెట్టె మీది అంకెలతో సరిచూడండి. వాడిన ఫోన్ కొంటుంటే KYM అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఆ అంకెలు చేర్చి 14422కి పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో డూప్లికేట్ అనో జవాబొస్తే అక్కడే తిరిగిచ్చేయండి.

షాపువాళ్లు పాటలు ఎక్కించిన మెమరీ కార్డు ఇస్తామంటారు. అందులో పాటలతో పాటు ఇంకేమున్నాయో చూసేదెవరు? ఖాళీ కార్డే తీసుకోండి. నానో సిమ్‌ని పెద్ద స్లాట్‌లో పెట్టడానికి సిమ్‌తో వచ్చిన ప్లాస్టిక్ చట్రం వాడండి. ఖాళీ చట్రాన్ని మాత్రం లోపలికి తోయకండి, లాగేటప్పుడు పిన్నులు వంగిపోతాయి.

ఇక గోప్యత. యాప్‌లు లేకపోతే యాప్‌ల నిఘా ఉండదు, అంతవరకు నిజం. కానీ ఎవరికి ఎప్పుడు కాల్ చేశారో, ఏ టవర్ కింద ఉన్నారో సిమ్ కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. ఎస్సెమ్మెస్‌కి వాట్సాప్‌లో ఉన్నట్టు ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో ఎవరూ చదవలేని తాళం, కూడా లేదు. చవక ఫోన్లలో మరో చిక్కుంది. 2021లో రష్యాలో ఒక పరిశోధకుడు ఐదు కీప్యాడ్ ఫోన్లు పరీక్షిస్తే, నాలుగు యజమానికి తెలియకుండా ఎస్సెమ్మెస్‌లు పంపడమో, ఇంటర్నెట్‌లో ఎవరికో సమాచారం చేరవేయడమో చేస్తూ దొరికాయి. అలాంటి ఎస్సెమ్మెస్‌లు ‘పంపినవి’ పెట్టెలో కనబడవు. అందుకే మొదటి వారం తర్వాత మీ నెట్‌వర్క్ యాప్‌లో ఆ నంబర్ వాడకం వివరాలు తీసి, తెలియని నంబర్లకి మెసేజ్‌లు వెళ్లాయేమో చూడండి. ఒక్కటి కనిపించినా ఫోన్ వాపసు ఇవ్వాల్సిందే.

దీనికి మంచి విరుగుడు రీఛార్జిలోనే ఉంది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు 2025 జనవరి నుంచి దొరుకుతున్నాయి. అదే వేయించండి. మెయిన్ బ్యాలెన్స్ సున్నా ఉంచితే డబ్బు కోసే మెసేజ్ పోవడానికి వీలుండదు. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా ఆపినా వోల్టీ కాల్స్ ఆగవు. నెట్‌వర్క్ మోడ్‌ని మాత్రం ‘2జీ మాత్రమే’ అని మార్చకండి. జియో సిమ్ అయితే కాల్సే పోతాయి.

స్పీడ్ డయల్‌కి 2, 3, 4 కీలు వాడండి. 5, 9 జోలికి పోవద్దు. 2017 నుంచి మన దేశంలో అమ్మే కీప్యాడ్ ఫోన్లలో వీటిలో ఒకదాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లేలా నిబంధన ఉంది. సరదాకి నొక్కి చూడకండి, నిజంగానే 112కి పోతుంది. సంచిలో వాటంతటవి నొక్కుకోకుండా కీప్యాడ్ లాక్ వేసి పెట్టండి.

ఈ వారం పని: సిమ్‌కి పిన్ పెట్టండి. కంపెనీ ఇచ్చిన పాత పిన్ ఏమిటో ముందే కనుక్కోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ తాళం తీసే 8 అంకెల కోడ్, పీయూకే (PUK), అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాదు. పిన్, పీయూకే రెండూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫోన్ కవరులో కాదు. వచ్చే పాఠంలో ఇదే ఫోన్‌ని పాత ల్యాండ్‌లైన్‌లా హాల్లో ఒకచోట ఉంచి ఇంటిల్లిపాదీ వాడుకునే పద్ధతి చూద్దాం.