క్రోటన్ ఆకుల రంగు తగ్గకుండా ఎలా చూసుకోవాలి?

కడియం నర్సరీల వైపు వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగి రావడం అరుదు. ఎరుపు, పసుపు, నారింజ కలగలిసిన క్రోటన్ ఒకటైనా బండెక్కుతుంది. తీరా ఇంటికి తెచ్చి హాల్లో టీవీ పక్కన పెడితే, కొన్నాళ్లకే చెట్టంతా ఆకుపచ్చగా మారిపోతుంది. నర్సరీవాళ్లు మోసం చేశారని తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు ఆ తప్పు టీవీ పక్కనున్న చీకటిది.

1. ముందు ఎండ సంగతి చూడండి. రోజూ నాలుగైదు గంటలు ఎండ తగలాలి, ఉదయపు ఎండైతే మరీ మంచిది. నీడలో ఉన్న మొక్క అందిన కాస్త వెలుతురుతోనే బతకాలి కాబట్టి పత్రహరితాన్ని పెంచుకుంటుంది, ఎరుపు తగ్గుతుంది. ఒకే చెట్టు కొమ్మలు రెండు నాటి, ఒకటి మేడ మీద, ఇంకొకటి మెట్ల మలుపులో పెట్టాను. ఏడాది తిరిగేసరికి పైది కుంకుమ రంగులో ఉంది. కిందిది చూసి మా పక్కింటావిడ "ఇదేం మొక్కండీ?" అని అడిగారు!

అయితే కొత్తాకు లేత ఆకుపచ్చగానో పసుపుగానో వచ్చిందని కంగారు పడకండి. చాలా రకాల్లో ఆకు ముదిరేకొద్దీ ఎరుపెక్కుతుంది. ముదిరాక కూడా రంగు తిరగకపోతేనే వెలుతురు చాలట్లేదని అర్థం.

2. మొక్కను ఒక్కసారిగా ఎండలోకి లాగకండి. రోజుకో గంట చొప్పున పెంచుతూ, పది పన్నెండు రోజుల్లో అలవాటు చేయండి. చోటు మారగానే క్రోటన్ ఆకులు రాల్చడం మామూలే. ఆ టెన్షన్‌లో బిందెలకొద్దీ నీళ్లు పోస్తే వేరు కుళ్లి అసలుకే మోసం వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం షేడ్‌నెట్ కట్టాల్సిందే.

3. కుండీ మట్టిలోకి వేలు దించి చూడండి. పైన అంగుళం మేర పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి.

4. యూరియా జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా వస్తాయి, ఆకుపచ్చగా వస్తాయి. నెలకోసారి గుప్పెడు వర్మికంపోస్టు చాలు.

5. ఆకుల్ని తిప్పి చూడండి. వేసవిలో రంగు వెలిసి, దుమ్ము చల్లినట్టు సన్నటి చుక్కలు, అడుగున సాలెగూడులాంటి పల్చటి బూజు కనిపిస్తే అది ఎర్రనల్లి అనే సన్నటి పురుగు పని. పైపుతో ఆకుల అడుగు భాగాన్ని గట్టిగా కడిగితే సగం పోతుంది. మిగిలినదానికి లీటరు నీటిలో 5 మి.లీ. వేపనూనె, రెండు మూడు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వారం ఆగి మళ్లీ ఒకసారి.

6. ఎండ బాగా తగులుతున్నా ఒక కొమ్మ మాత్రం పూర్తి ఆకుపచ్చగా పెరుగుతుంటే మొదలంటా కత్తిరించేయండి. అది మిగతావాటికంటే జోరుగా పెరిగి చెట్టంతా కమ్మేస్తుంది. కోసినచోట పాలు కారతాయి, చర్మానికి తగిలితే దురద. గ్లవ్స్ వేసుకోండి, కోసిన కొమ్మల్ని పిల్లలకు అందనివ్వకండి.

పక్కనే కెలాడియం (దుంప నుంచి మొలిచే మరో రంగుల ఆకుల మొక్క) ఉంటే మరో మాట. చలికాలంలో దాని ఆకులన్నీ వాలి ఎండిపోతాయి. చచ్చిపోయిందని కుండీ పారబోయకండి, దుంప లోపలే నిద్రపోతుంటుంది. నీళ్లు ఆపేసి ఓ మూలన పెడితే, వేడి మొదలయ్యాక మళ్లీ చిగురేస్తుంది.