డొల్ల ప్యానెల్‌కి వెనీరు అంటించాక వంపు వస్తోందా? ముందు వెనక్కి తిప్పి చూడండి

చుట్టూ కర్ర చట్రం, మధ్యలో బద్దలో తేనెపట్టు కాగితమో, రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (కర్ర నారను జిగురుతో అదిమి చేసిన పలక) లేదా ప్లైవుడ్ షీటు. ఇలాంటి ప్యానెల్‌కి వెనీరు, అంటే అందం కోసం వేసే పల్చటి కర్ర పొర, అంటించాక వంపు కనిపిస్తే అందరి అనుమానమూ జిగురు డబ్బా మీదికే పోతుంది. అక్కడ ఏమీ దొరక్కపోతే వెనీరు మీదికి. ప్యానెల్‌ని ఒక్కసారి తిప్పి వెనక పక్క చూడండని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దయచేసి అది ముందు చేయండి.

ఏ వంపో తేల్చుకోండి

పొడవాటి అల్యూమినియం స్కేలును నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడండి. తర్వాత రెండు చివర్లా రెండు తిన్నని బద్దలు అడ్డంగా ఉంచి, వంగి ఒక కంటితో చూడండి. రెండు బద్దల పై అంచులు ఒకే గీతలో కలిస్తే మెలి లేదు, ఉన్నది వట్టి వంపే. కలవకపోతే మెలి ఉన్నట్టు, అంటే ప్యానెల్ ఒక మూల పైకి లేచేలా తిరిగినట్టు. ఈ రెండిటి కారణాలు వేరు, మందూ వేరు.

వంపు అయితే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: గుంట పడిన పక్కే కుంచించుకుపోయిన పక్క. జిగురు తడి ఉన్నంతసేపు అదే పక్క ఉబ్బి ఎదురు వంపు చూపించవచ్చు, కాబట్టి మొదటి రోజు వంపు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

సమస్య: వెనీరు వేసిన పక్క గుంటగా వంగింది

వెనక పక్క ఖాళీగా వదిలేసి ఉంటారు. లేదా ముందు వెనీరు వేసి, వెనక ఏదో మిగిలిన లామినేట్ ముక్క అంటించి ఉంటారు. గ్రెయిన్ (కర్ర నార పోయే దిశ) ముందు నిలువుగా, వెనక అడ్డంగా ఉన్నా ఇదే జరుగుతుంది. కర్ర నార వెంట పొడవులో దాదాపు కదలదు. కదలికంతా నారకు అడ్డంగానే ఉంటుంది.

రెండు పక్కలా ఒకే మందం వెనీరు, ఒకే దిశ గ్రెయిన్, ఒకే జిగురు, ఒకేసారి ప్రెస్. వెనక ఖరీదైన రకం అక్కర్లేదు, చవక రకమైనా సరే, మందమూ దిశా కలవాలి. ఇప్పటికే వంగిపోయి ఉంటే వెనక పక్క కూడా వెనీరు వేసి చదునైన బల్ల మీద బిగించండి. చాలావరకు వెనక్కి లాగుతుంది. పూర్తిగా తిన్నబడుతుందని మాత్రం మాట ఇవ్వలేను.

సమస్య: రెండు పక్కలా వెనీరు ఉంది, అంతా సమానమే, అయినా వంగింది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒకసారి అల్మరా తలుపులు ఆరు చేశాను. అన్నిటికీ ఒకే కట్ట వెనీరు, ఒకే జిగురు. ప్రెస్‌లోంచి తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇంటికి పోయాను. తెల్లారి వచ్చి చూస్తే ఐదు బల్లపరుపుగా ఉన్నాయి, ఒకటి పళ్లెంలా పైకి లేచింది. ఆ ఒక్క చట్రం కర్ర పచ్చిదేమో అనుకుని అది మళ్లీ చేశాను. తర్వాతి పనిలోనూ అలాగే ఒకటి వంగింది. ఈసారి అంచుల మీద సుద్దతో అంకెలు వేసి పేర్చాను కాబట్టి దొరికింది: వంగింది దొంతరలో అన్నిటికన్నా పైది.

పైదానికి ఒక పక్క గాలి తగిలింది, ఇంకో పక్క కింది తలుపుకి అతుక్కుని మూసుకుపోయింది. ఒక ముఖం ఆరింది, రెండోది ఆరలేదు.

ఎంత నీరని అడగవచ్చు. తెల్ల జిగురులో దాదాపు సగం నీళ్లే. చదరపు మీటరుకి 150 గ్రాముల జిగురు రాస్తే సుమారు 75 గ్రాముల నీరు పోసినట్టే. 0.6 మిల్లీమీటర్ల టేకు వెనీరు చదరపు మీటరుకి 400 గ్రాములు కూడా తూగదు. ఆ నీరంతా ఈ పొరలోకీ దాని కింది పల్చటి షీటులోకీ చేరుతుంది. గట్టి పలకైతే మధ్యనున్న కర్ర ఆ లాగుడును కొంత ఆపుతుంది. డొల్ల ప్యానెల్‌లో మధ్యనున్నది గాలి, ఆపేదేమీ లేదు. 2 మీటర్ల తలుపులో ఒక పక్క షీటు రెండో పక్క కంటే 1 మిల్లీమీటరు పొట్టయితే చాలు, 30 మిల్లీమీటర్ల మందం తలుపు మధ్యలో 8 మిల్లీమీటర్ల దాకా వంగుతుంది.

పరిష్కారం సులువు. ప్రెస్‌లోంచి తీసిన ప్యానెల్‌ని బల్ల మీద ఊరికే పడుకోబెట్టవద్దు. అంచు మీద నిలబెట్టండి, రెండు ముఖాలకూ గాలి తగలాలి. చోటు లేక పేర్చాల్సి వస్తే ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య ఒకే మందం బద్దలు వరసగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టండి. నేలకు ఆనే దాని కింద కూడా. పైదాని మీద బద్దలు పెట్టి, పనికిరాని ప్లైవుడ్ షీటు ఒకటి కప్పి, బరువు ఉంచండి. ఫ్యాను గాలి ఒక ముఖానికే కొట్టకుండా చూడండి. కనీసం ఒక రోజు అలా ఉన్నాకే సాండ్‌పేపర్ పట్టండి.

అప్పటికే వంగిందా? గుంట పక్క కిందికి, ఉబ్బిన పక్క పైకి వచ్చేలా తిప్పి పెట్టండి. చెమ్మ మిగిలింది ఉబ్బిన పక్కనే, గాలి కావలసింది దానికే. మొదటి ఒకటి రెండు రోజుల్లో పట్టుకుంటే మామూలుగా తిరిగి వస్తుంది. వారం ఆగితే కష్టం. తెల్ల జిగురు ఆరాక కూడా లాగుడుకి లొంగి మెల్లగా జరుగుతుంది, అలా జరిగినచోట వంపే దాని స్వరూపమైపోతుంది.

లోపలి గాలికి కూడా దారి కావాలి. చట్రం బిగించే ముందే లోపలి బద్దలకూ కింది అడ్డకర్రకూ 5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి. షీట్లు అంటించాక ఆ అవకాశం ఉండదు. వేడి ప్రెస్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, లోపలి ఆవిరి షీటును లేపేస్తుంది.

సమస్య: మెలి తిరిగింది

వెనీరుని వదిలేయండి, బల్లని చూడండి. షీట్లు అంటించిన రోజు బల్ల మెలిగా ఉంటే ప్యానెల్ ఆ మెలితోనే గట్టిపడుతుంది. ఆ తర్వాత బరువులు పెట్టి సరిచేయడం అసాధ్యం. ఒక పక్క షీటు చిత్రిక పట్టి ఊడదీసి, చదును బల్ల మీద కొత్తది అంటించడమే మార్గం. బల్ల మీద కూడా అవే రెండు బద్దలు పెట్టి చూసుకోండి, పట్టేది నిమిషం.

సమస్య: నెలల తర్వాత వంగింది

పాలిష్ ముందు పక్కకే కొట్టి ఉంటారు. వెనక పాలిష్ లేని ముఖం వాన రోజుల్లో చెమ్మ పీలుస్తుంది, ఎండ రోజుల్లో వదులుతుంది. ముందు ముఖం అంత వేగంగా కదలలేదు. వెనక కూడా అన్నే చేతులు (పూతలు) పాలిష్ వేయండి, లోపలి పక్కే కదా అని ఒక చేయి తగ్గించకండి.

బద్దల గీతలు వెనీరు మీద తేలడం వంపు కాదు. షీటు పల్చనై, బద్దలు దూరదూరంగా ఉండి, ప్రెస్ ఎక్కువ బిగిస్తే అలా అవుతుంది. చట్రంలో పెడనారు కర్ర, పొయ్యి పక్క వేడి లాంటివి కూడా కారణాలే గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి వెళ్లండి.