కార్డు బాకీ సెటిల్‌మెంట్: కాగితం చేతికి రాకముందు పైసా కట్టొద్దు

హన్మకొండ నయీంనగర్‌లో మా చిన్నమ్మ కొడుకుకి జిరాక్స్ షాపు ఉంది. చుట్టూ కాలేజీలు. పరీక్షల ముందు షాపులో నిలబడే చోటు ఉండదు, సెలవులొస్తే ఈగలు తోలుకోవాలి. అలాంటి సెలవుల్లో ఒకసారి పెద్ద మెషీన్ ఆగిపోతే రిపేరుకి క్రెడిట్ కార్డు గీకాడు. తర్వాత షాపు కిరాయికి గీకాడు, ఆ తర్వాత పిల్లల ఫీజుకి. అలా 92 వేలు వాడాడు. కొన్నాళ్లు మినిమం కట్టి, ఆపై అదీ ఆపేసరికి బాకీ 1,64,000కి చేరింది.

ఆ టైంలో ఒక రికవరీ ఏజెంటు షాపుకొచ్చాడు. "అన్నా, 15 వేలు టోకెన్ ఇయ్యి, రేపు పొద్దుగాల సెటిల్‌మెంట్ లెటర్ పట్టుకొస్త" అన్నాడు. సెటిల్‌మెంట్ అంటే బాకీలో కొంత తగ్గించుకుని, మిగతాది కట్టి ఖాతా ముగించుకోవడం. తమ్ముడు ఆ ఏజెంటు చెప్పిన నంబరుకే యూపీఐలో పంపాడు. లెటర్ రాలేదు. రెండు వారాలకు వేరే ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి మొత్తం బాకీ అడిగారు. స్టేట్‌మెంట్‌లో ఆ 15 వేలు ఎక్కడా లేవు. అప్పుడు తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. తర్వాత మేమిద్దరం నడిచిన దారే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఫోన్లతో నిద్రపట్టని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

ముందు లెక్క తేల్చుకోండి

ఫోన్‌లో చెప్పే అంకెని నమ్మొద్దు. బ్యాంకు యాప్‌ నుంచో ఈమెయిల్‌ నుంచో గత ఏడాది స్టేట్‌మెంట్లు తీసి, ఒక తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసి రాయండి: మీరు నిజంగా వాడుకున్నది, మిత్తి, లేట్ ఫీజులు, జీఎస్టీ. చాలా కార్డులకు మిత్తి నెలకు 3 నుంచి 4 శాతం మధ్య ఉంటుంది. మూడున్నర అనుకుంటే లక్ష బాకీకి నెలకు 3,500, దానిపై 18 శాతం జీఎస్టీ 630. నెల తిరిగేసరికి 4,130 అన్నమాట. ఈ లెక్క చూశాకే తమ్ముడికి తను వాడింది ఎంతో, పెరిగింది ఎంతో అర్థమైంది. బేరంలో మన బలం ఆ తేడాలోనే ఉంది. ఇంకోటి చూడండి: కట్టని ఛార్జీలను, పన్నులను బాకీలో కలిపి వాటి మీద మళ్లీ మిత్తి వేయకూడదని ఆర్‌బీఐ కార్డు నిబంధనల్లో ఉంది. అలా వేసినట్టు కనిపిస్తే ఆ లైను కింద గీత గీసిపెట్టుకోండి.

మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు కూడా తీయండి. సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే క్రెడిట్ సంస్థలు కూడా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ బాకీ ఇంకా బ్యాంకు పేరు మీదే ఉందో, మొండి బాకీలు కొనే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి అమ్మేశారో అందులో తెలుస్తుంది. అమ్మేసి ఉంటే మాట్లాడాల్సింది ఆ కంపెనీతోనే.

సెటిల్‌మెంట్ మీకు తగినదేనా?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మొత్తం కట్టే దారి ఏ మాత్రం ఉన్నా సెటిల్‌మెంట్ జోలికి వెళ్లొద్దు. తగ్గించి కట్టిన ఖాతా రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది, ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. రేపు ఇంటి లోనుకు వెళ్తే ముందు దాన్నే చూస్తారు. సెటిల్ చేసుకున్నాక కనీసం 12 నెలలు అదే బ్యాంకు కొత్త అప్పు ఇవ్వదు. మూడు నెలలు దాటని బాకీ అయితే ఈఎంఐలుగా మార్చమని బ్యాంకునే అడగండి. ఇంట్లో బంగారం ఉంటే గోల్డ్ లోను మిత్తి కార్డు మిత్తి కంటే చాలా తక్కువ. ఈ దారులన్నీ మూసుకుపోయాకే బేరం. మినిమం కట్టక 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. బ్యాంకులు సెటిల్‌మెంట్ మాట ఎత్తేది కూడా ఎక్కువగా ఆ తర్వాతే.

ఫోన్లకు భయపడకుండా

రికవరీ ఏజెంట్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, పదిమందిలో పరువు తీయకూడదు, ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ ఫోన్ చేసి సతాయించకూడదు. ఇవన్నీ ఆర్‌బీఐ నిబంధనలే. ఇంటికొస్తే ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. చూపించకపోతే గడప బయటి నుంచే పంపించేయండి.

"పోలీసులు వస్తారు, అరెస్టు చేస్తారు" అనేది పచ్చి బెదిరింపు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం, కట్టలేకపోయినంత మాత్రాన జైలు ఉండదు. చెక్కు సంగతి మాత్రం వేరు. సెటిల్‌మెంట్ వాయిదాలకని ముందు తేదీలతో చెక్కులిచ్చి అవి బౌన్స్ అయితే చెక్ బౌన్స్ కేసు పడుతుంది, అది క్రిమినల్. ఆటో డెబిట్‌కి సంతకం పెట్టి అది ఫెయిలైనా దాదాపు అంతే. అందుకే చెక్కులు ఇవ్వకండి, వాయిదా రోజున మీరే కట్టండి. ఇక కోర్టు నుంచి నిజంగా సమన్లు వస్తే పక్కన పడేయొద్దు, తేదీకి హాజరు కావాల్సిందే.

ప్రతి ఫోన్‌కీ మాట్లాడి గొంతు అరగదీసుకోవడం దండగ. తమ్ముడితో నేను ఒక్క మాట అలవాటు చేయించాను: "నా పరిస్థితి బ్యాంకుకి మెయిల్ చేశాను, ఏం చెప్పాలన్నా రాతలో పంపండి." అంతే, పెట్టేయడమే. తేదీ, టైం, నంబరు, ఏమన్నారు అన్నది షాపు లెడ్జర్ చివరి పేజీలో రాసేవాడు. ఫిర్యాదు చేసే రోజు ఆ పేజీ చాలా పనికొచ్చింది.

బేరం

బేరానికి దిగేముందు ఒక అంకె తేల్చుకోండి: ఒకేసారిగానో, రెండు మూడు నెలల్లోనో మీరు ఖాయంగా తేగలిగిన డబ్బు. వస్తుందేమో అనుకునేది కాదు. తమ్ముడికి డబ్బు వచ్చే దారి మామగారి మిర్చి. ఏనుమాముల మార్కెట్‌కి సరుకు చేరి, అమ్మి, పైసలు చేతికొచ్చేదాకా ఏ తేదీకీ ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పాను. ఒప్పుకుని తప్పితే సెటిల్‌మెంట్ రద్దయి మొదటికొస్తుంది.

ఆ డబ్బును బాకీ ఉన్న బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో ముందే వేసి ఉంచొద్దు. మీ ఖాతాలోని డబ్బును బాకీకి జమ చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. బేరం కుదరకముందే అది పోతే మీ చేతిలో ఇంకేమీ మిగలదు.

బ్యాంకు కస్టమర్ కేర్‌కి, ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ రాయండి. తమ్ముడి మెయిల్ ఇంతే: "నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. షాపు ఆదాయం పడిపోయి కట్టలేకపోయాను. నేను వాడుకున్న అసలు 92,000. ఒకేసారి పరిష్కారంగా 60,000 కట్టగలను. మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలపగలరు." ఆదాయం పడిపోయినట్టు చూపే కాగితాలు జతచేశాడు. ఆసుపత్రి బిల్లో, ఉద్యోగం పోయిన లెటరో, మీ దగ్గర ఉన్నది పెట్టండి. అబద్ధం మాత్రం రాయొద్దు.

మొదటి జవాబు 1,30,000. అంటే మిత్తిలో కొంచెం కోసి దాన్నే పెద్ద ఉపకారంలా చెప్పారు. మళ్లీ 60 అన్నాం. 1,05,000 అన్నారు. మేం 65కి వచ్చాం. తర్వాత మూడు వారాలు ఎవరూ మాట్లాడలేదు. ఆ మూడు వారాలు తమ్ముడు పడ్డ టెన్షన్ నేను చూశాను, రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి "ఒప్పేసుకుందామా అన్నా" అనేవాడు. నెలాఖరున వాళ్లే ఫోన్ చేశారు. రికవరీ వాళ్లకి నెలాఖరు, మార్చి ఆఖరు టార్గెట్ల కాలం, అప్పుడు మాట మెత్తబడుతుంది. చివరికి మూడు వాయిదాల్లో 78,000కి కుదిరింది. అందరికీ ఇదే తగ్గింపు వస్తుందని కాదు, బాకీ వయసును బట్టి, బ్యాంకును బట్టి మారుతుంది.

లెటర్

బేరం నోటిమాటగా కుదిరితే ఇంకా ఏమీ కుదరనట్టే. సెటిల్‌మెంట్ లెటర్ బ్యాంకు లెటర్‌హెడ్ మీద, బ్యాంకు మెయిల్ నుంచి రావాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపే ఫొటోని లెక్కలోకి తీసుకోవద్దు. మాకు మొదట వచ్చింది అలాంటి ఫొటోనే, చూడగానే అసలుదనిపించింది. కానీ కార్డు చివరి నాలుగు అంకెల్లో రెండు తారుమారయ్యాయి. కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే అలాంటి లెటరే ఇవ్వలేదన్నారు.

సరైన లెటర్‌లో మీ పేరు, కార్డు అంకెలు, కట్టాల్సిన మొత్తం, ప్రతి వాయిదా తేదీ, ఇది కడితే ఖాతా పూర్తిగా తీరినట్టే అన్న వాక్యం ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే తగ్గించిన మొత్తాన్ని, తమ్ముడి లెక్కలో 1,64,000లో 78,000 పోగా మిగిలిన 86 వేలను, తర్వాత మళ్లీ అడగొచ్చు. అది చేర్చి మళ్లీ పంపమని అడగండి, సిగ్గుపడొద్దు. డబ్బు నేరుగా కార్డు ఖాతాకే కట్టండి, లేదా బ్రాంచిలో కట్టి రసీదు తీసుకోండి. ఏ మనిషి పేరు మీద ఉన్న యూపీఐ ఐడీకీ వద్దు.

బ్యాంకుతో ఎంతకీ తెగకపోతే లోక్ అదాలత్ మంచి దారి. మన దగ్గర హన్మకొండ కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కేసు కోర్టుకెక్కకముందే అక్కడ రాజీ కుదుర్చుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇచ్చే రాజీ తీర్పుకి (అవార్డు) కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. కాబట్టి చదవకుండా సంతకం పెట్టొద్దు. లాయరు కావాలంటే 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ఇస్తారు.

కట్టాక

చివరి వాయిదా కట్టిన వెంటనే, ఇక బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ అడగండి. నెలన్నర ఆగి క్రెడిట్ రిపోర్టు చూడండి, బాకీ సున్నా కనిపించాలి. కనిపించకపోతే బ్యాంకుకి, ఆ క్రెడిట్ సంస్థకి ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. వేధింపుల మీద గానీ మరో సమస్య మీద గానీ బ్యాంకుకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, దానికీ ఖర్చు లేదు. వివరాలకు 14448.

తమ్ముడు నో డ్యూస్ కాగితాన్ని తన మెషీన్ మీదే మూడు కాపీలు తీసి, ఒకటి లామినేషన్ చేయించి కౌంటర్ సొరుగులో పెట్టాడు. ఎనిమిది నెలల తర్వాత పాత లిస్టు పట్టుకుని ఇంకో ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, 86 వేలు బాకీ అని. షాపులో అప్పుడు పదిమంది పిల్లలు హాల్‌టికెట్ల కోసం నిలబడి ఉన్నారు. వాడు గొంతు పెంచలేదు. సొరుగు తీసి, కాగితం ఫొటో కొట్టి, "ఇది మీ బ్యాంకు ఇచ్చిందే, చూస్కోండి" అని పంపి, మళ్లీ జిరాక్స్‌లో పడ్డాడు.