సీటొచ్చాక, చేరేముందు క్యాంపస్ చూడ్డానికి వెళ్తున్నారా

సీటు కన్ఫర్మ్ చేయడానికి చివరి తేదీ ఎప్పుడో ముందు చూస్కోండి, దానికి కనీసం వారం ముందే వెళ్లి రండి. సెలవుల్లో వద్దు, ఖాళీ బిల్డింగులు చూస్తే ఏం తెలుస్తుంది. అడ్మిషన్ లెటర్, ఐడీ కార్డు మర్చిపోవద్దు.

క్యాంపస్ టూర్‌లో కాలేజీవాళ్లు చూపించాలనుకున్నదే చూపిస్తారు కాబట్టి అది అయ్యాక మీరొక్కరే ఒక గంట తిరగండి, హాస్టల్లో కుళాయి తిప్పి చూడండి, బాత్రూమ్ తలుపుకి గడియ పడుతుందో లేదో కూడా (నేను చూడలేదు, ఏడాదంతా బకెట్ అడ్డం పెట్టుకున్నా), మెస్‌లో ఒక పూట తినండి. మీ బ్రాంచ్ సీనియర్ ఎవరైనా ఒంటరిగా దొరికితే మళ్లీ ఛాన్సిస్తే ఇక్కడే చేరతారా అని అడగండి, జవాబు కంటే ముందు మొహం చూడండి.

స్కాలర్‌షిప్ రెండో ఏడాది కూడా రావాలంటే ఎన్ని మార్కులుండాలో రాతపూర్వకంగా తీస్కోండి. అక్కడికక్కడే డబ్బు కట్టమంటే మాత్రం ఇంటికెళ్లి చెప్తాం అనేయండి.