కుటుంబ శిబిరంలో వాలంటీర్లకు పావుగంట ముచ్చట

తిరుపతి చుట్టుపక్కల వేసవిలో రెండు మూడు రోజుల కుటుంబ శిబిరం నడిపేవారు సాధారణంగా వాలంటీర్లను ముందురోజే పిలిపించి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉపన్యాసాలు వినిపించి, శిక్షణ పూర్తయిందనుకుంటారు. రెండో రోజు మధ్యాహ్నానికి అందులో ఒక్క మాటా వారికి గుర్తుండదు. ముందస్తు శిక్షణను గంటన్నరకు కుదించి, మిగిలిన సమయాన్ని శిబిరం జరుగుతుండగానే ఒక్కొక్కరితో పావుగంట చొప్పున కూర్చోవడానికి దాచుకోవడం మేలు.

ఆ గంటన్నరలో, పొరపాటు చేసి నేర్చుకోవడానికి వీల్లేని విషయాలను మాత్రమే చెప్పాలి. మూసిన గదిలో ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకూడదని, నమోదు పుస్తకంలో పేరున్న పెద్దలకే బిడ్డను అప్పగించాలని, తలకోన జలపాతం వంటి చోటికి తీసుకువెళ్తే నీటి దగ్గరికి పోయే ముందూ వచ్చిన తరువాతా తలలు లెక్కపెట్టాలని స్పష్టంగా చెప్పాలి. ఎవరైనా బిడ్డ తనకు జరిగిన లైంగిక వేధింపు గురించి చెబితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకుండా వెంటనే శిబిర నిర్వాహకుల దృష్టికి తేవాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. 108 (అంబులెన్సు), 1098 (పిల్లల సహాయవాణి) నంబర్లు అందరి ఫోన్లలోనూ ఉండాలి. ఎండదెబ్బ రోజులు కాబట్టి లీటరు నీటికి కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను మొత్తంగా లీటరులోనే కలపాలని, కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలని కూడా చూపించాలి.

ఈ పావుగంట ముచ్చట కోసం ముగ్గురు నలుగురు వాలంటీర్లకు ఒక మార్గదర్శిని కేటాయించండి. హాజరు వేసే వ్యక్తి, పనులు పంచే వ్యక్తి ఈ పనికి పనికిరారు, ఎందుకంటే వారి ఎదుట ఎవరూ తమ తడబాటును ఒప్పుకోరు. శ్రీవారి సేవలో ఆరితేరిన నడివయసు మహిళకు డిగ్రీ చదివే అబ్బాయిని మార్గదర్శిగా పెడితే ఇద్దరికీ ఇబ్బందే. భోజనాలయ్యాక పిల్లలు పడుకునే వేళ, నలుగురికీ కనిపించే, కానీ మాటలు వినిపించని చెట్టునీడ ఇందుకు అనువైన చోటు. రాత్రిపూట మాత్రం వద్దు. అలసిన మనిషికి సలహా కూడా తిట్టులాగే వినిపిస్తుంది.

కూర్చోగానే ‘ఎలా జరిగింది?’ అని అడిగితే ‘బాగానే జరిగిందక్కా’ అన్న జవాబే వస్తుంది. ‘పొద్దున ఎక్కడ ఏం చేయాలో తోచలేదమ్మా?’ అని అడిగి, అయిదు నిమిషాలు నోరు మెదపకుండా వినాలి. పిల్లల శిబిరానికీ కుటుంబ శిబిరానికీ తేడా ఏమిటంటే ఇక్కడ తల్లిదండ్రులు పక్కనే ఉంటారు, చిక్కులు ఎక్కువగా అక్కడే పుడతాయి. బిడ్డ గీస్తున్న బొమ్మను తల్లి లాక్కుని తానే పూర్తిచేస్తోందనుకుందాం. కొత్త వాలంటీరు ఆమెను వారించబోయి మాట పడుతుంది, లేదా చూస్తూ ఊరుకుంటుంది. ఈ సంగతి విన్న మార్గదర్శికి జవాబు నాలుక చివరనే ఉంటుంది గానీ, దాన్ని ఆపుకుని ‘ఆ తల్లి దేనికి కంగారుపడిందంటావు?’ అని అడగాలి. పక్క పిల్లల బొమ్మలతో పోల్చుకుని ఉంటుందని వాలంటీరుకే తట్టిన తరువాత, తల్లికి వేరే కాగితం, రంగులు ఇచ్చి ఆమెనూ గీయమంటే ఎలా ఉంటుందో ఇద్దరూ కలిసి ఆలోచించవచ్చు. చివరి రెండు నిమిషాల్లో మరునాడు చేసి చూడవలసిన పని ఒక్కటంటే ఒక్కటే నిర్ణయించి, కుటుంబాల పేర్లు లేకుండా నోటుపుస్తకంలో ఒక వాక్యం రాసుకోవాలి. మరునాటి ముచ్చట ఆ వాక్యంతోనే మొదలవుతుంది.

మన జిల్లాల్లో మరొకటి గమనించాలి. తమిళం మాట్లాడే కుటుంబాలు వచ్చినప్పుడు రెండు భాషలూ తెలిసిన వాలంటీరును ప్రతివారూ పిలుస్తుంటారు, రెండో రోజుకు ఆ మనిషికి గొంతు పోతుంది. ఇలాంటి అలసటకు ఓదార్పు మాటల కన్నా పని మార్పించడమే మందు. మార్గదర్శి వెంటనే వెళ్లి, ఆ పూటకు వంటశాలలోనో నమోదు బల్ల దగ్గరో కూర్చోబెట్టమని నిర్వాహకులను అడగాలి.

మార్గదర్శులు కూడా రోజుకొకసారి పది నిమిషాలు కలవాలి. నలుగురు వాలంటీర్లు ఒకే చిక్కు చెబితే లోపం వారిలో కాదు, కార్యక్రమపు ఏర్పాటులో ఉందని అర్థం; మరునాటి సమయపట్టికను ఆ రాత్రే సరిచేసి, పొద్దుట టిఫిన్‌కు ముందే వాలంటీర్లకు చెప్పండి.