కొవ్వొత్తి, జరీ దారంతో మరునౌచి ఎర్ర రైలు

మద్దిలపాలెంలో నా దగ్గరికి డ్రాయింగు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల చేత ఏటా ఒక రైలు చేయిస్తాను. అన్నిట్లోకీ నాకిష్టమైంది టోక్యో మరునౌచి మెట్రో లైన్లో తిరిగిన 300 రకం బోగీ. ఎర్ర ఒళ్లు, దాని చుట్టూ తెల్ల పట్టీ, ఆ పట్టీలో మెలికలు తిరిగే వెండి గీత. ఆ గీత కుదరకపోతే మిగతాది ఎంత నీటుగా వచ్చినా అది మరునౌచి రైలు కాదు.

1954 జనవరి 20న ఇకెబుకురో, ఒచనోమిజుల మధ్య ఆ లైన్ మొదలైనప్పుడు నడిచినవి ఇవే. కట్టింది 30 బోగీలు. అదే పోలికతో తర్వాత 400, 500 రకాలు వచ్చాయి. 1996 నాటికి అన్నీ టోక్యోలో సర్వీసు ముగించాయి. వాటిలో చాలా బోగీలు అర్జెంటీనా చేరి బ్యూనస్ ఎయిర్స్ మెట్రో బి లైన్లో తిరిగాయి. 301 నంబరు బోగీ టోక్యో కసాయ్‌లోని మెట్రో మ్యూజియంలో ఉంది. దాని ఫొటో ప్రింటు తీసి ఎదురుగా పెట్టుకోండి.

అసలు బోగీ పొడవు 18 మీటర్లు, వెడల్పు సుమారు 2.8 మీటర్లు. మీటరుకు సెంటీమీటరు చొప్పున తీసుకుంటే లెక్క సులువు. పక్క గోడ ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు చాలు. ఒక్కో పక్క మూడు తలుపులు. రంగు వేయకండి. వైజాగ్ ఉప్పుగాలికి పోస్టర్ కలర్ ఆరదు, అట్ట వంగిపోతుంది. ఇంట్లో పడి ఉన్న ఎర్ర పెళ్లికార్డులు వెతకండి, అచ్చు లేని వైపు బయటికి పెట్టి కత్తిరించండి.

ఇక వెండి గీత. అది సైన్ కర్వ్, అంటే ఒకే తీరున పైకీ కిందికీ సాగే అల. చేత్తో గీస్తే ఒక వంపు లావు, ఒకటి సన్నం అవుతుంది. సన్న కొవ్వొత్తికి ట్రేసింగ్ పేపరు బిగుతుగా చుట్టి, కొత్త బ్లేడుతో కాస్త ఏటవాలుగా, కొవ్వొత్తితో సహా కోయండి. విప్పితే అంచు పొడవునా ఒకే తీరు వంపులు కనిపిస్తాయి. గుండ్రటి దాన్ని ఏటవాలుగా కోసి విప్పితే వచ్చేది సైన్ కర్వే. ఏటవాలు ఎక్కువైతే వంపు పట్టీ దాటిపోతుంది, తగ్గించి ఇంకోటి కోయండి. ఆ అంచు వెంట తెల్ల కాగితం పట్టీ మీద పెన్సిలుతో లేతగా గీసుకోండి.

దాని మీద మగ్గం వర్కుకు వాడే వెండి జరీ దారం అతికించాలి. ఫెవికాల్‌ను సూది మొనతో ఒక్కో వంపుకే రాయండి. దారం లాగకూడదు, లాగితే వంపు తిన్నగా అయిపోతుంది. వదులుగా పరుచుకుంటూ పట్టకారుతో నొక్కండి. ఫ్యాను ఆపేయండి. కొస పూర్తిగా ఆరాకే కత్తిరించండి.

చివర్లో పిల్లలు కప్పు మీద పాంటోగ్రాఫ్, అంటే పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం, పెడతామంటారు. వద్దని చెప్పండి. ఈ రైలుకు కరెంటు పట్టాల పక్కనుండే మూడో పట్టా నుంచి వస్తుంది, 600 వోల్టులు. దాన్ని తాకి కరెంటు అందుకునే ముక్కను షూ అంటారు, అది చక్రాల పక్కన ఉంటుంది. చిన్న అగ్గిపుల్ల ముక్కకు నల్లరంగు పూసి అక్కడ అంటిస్తే సరిపోతుంది.